వీపు మెచ్చిన సంచి

శివరాత్రికి నాలుగు రోజుల ముందు ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర రోడ్డు పక్కన ఓ గంట నిలబడితే చాలు, రాయలసీమలో ఎన్ని రకాల సంచులున్నాయో తెలిసిపోతుంది. శ్రీశైలానికి నడిచిపోయే జనం అక్కడే నల్లమలలో అడుగుపెడతారు. ఒకరి చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చిన సంచి. ఇంకొకరి నెత్తిన దుప్పటి మూట. యూరియా బస్తాను దర్జీ దగ్గర కుట్టించి, రెండు తాళ్లు వేయించి భుజాలకు తగిలించుకున్న పెద్దాయన ఒకరు. మనవడి స్కూలు బ్యాగును, దానిమీది కార్టూను బొమ్మతో సహా, వీపున వేసుకున్న అవ్వ ఒకామె. ఆ వెనకే కొత్తగా కొన్న ఖరీదైన బ్యాగులతో కాలేజీ కుర్రాళ్లు.

నాగలూటి దాకా అందరూ ఒకేలా నడుస్తారు. పెద్దచెరువు చేరేసరికి తేడా తెలుస్తుంది. చేతిసంచి వాళ్లు పది అడుగులకోసారి చెయ్యి మారుస్తుంటారు. ఒంటిభుజం సంచి వాళ్ల మెడ ఓ పక్కకు వాలిపోతుంది. భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారం వైపు ఎక్కే నిలువు మెట్ల మీదైతే సంచే శత్రువు. (శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన పుణ్యం 14వ శతాబ్దపు కొండవీటి రాజు ప్రోలయ వేమారెడ్డిది. ఆయన మెట్లయితే కట్టించాడు గానీ సంచి సంగతి ఎవరికి వాళ్లే చూసుకోవాలి.) ఆ ఎక్కుడులో రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ పోయేవాళ్లు కొందరే కనిపిస్తారు. వాళ్లేమీ వస్తాదులు కారు. బరువు వాళ్ల వీపు నడిమధ్యన, ఒంటికి అతుక్కుని ఉంటుంది. అంతే తేడా. చిత్రమేమిటంటే ఆ కొందరిలో యూరియా సంచి పెద్దాయన తప్పకుండా ఉంటాడు, ఖరీదైన బ్యాగు కుర్రాళ్లు అందరూ ఉండరు.

ఇది శివరాత్రి నాలుగు రోజుల ముచ్చట మాత్రమే కాదు. ఏ ఇంట్లో చూసినా జూన్‌లో ఒక బ్యాగు కొంటారు. దసరాకు దాని జిప్పు ఊడుతుంది, సంక్రాంతికి భుజం పట్టీ తెగుతుంది, వేసవిలో అటక ఎక్కుతుంది. మళ్లీ జూన్‌లో ఇంకొకటి. ఆదివారం అహోబిలానికో గండికోటకో బయల్దేరితే మాత్రం పనికొచ్చే సంచి ఒక్కటీ ఉండదు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడి గుడికి పోయే దారిలో సెలవు రోజుల్లో కనిపించే దృశ్యమే చూడండి: నాన్న ఒక చేతిలో పులిహోర డబ్బాల సంచి, ఇంకో చేతిలో నీళ్ల సీసాలు. అమ్మ చంకలో పిల్ల, భుజాన హ్యాండ్‌బ్యాగు. భవనాశి వాగులో రాళ్ల మీద అడుగులు వేస్తుంటే పట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ ఉండదు. కోతులకు మాత్రం నాలుగు చేతులూ ఖాళీయే. ప్లాస్టిక్ సంచి గరగరలాడిందంటే అందులో తిండి ఉందని వాటికి తెలుసు. ఒక్క లాగుడు... మధ్యాహ్నం భోజనం చెట్టెక్కుతుంది.

వారమంతా ఆఫీసుకో కాలేజీకో పోతూ, ఆదివారం కొండెక్కే మంచి సంచి ఒక్కటుంటే ఈ తంటా ఉండదు. కొట్లలో దీన్ని డేప్యాక్ అంటారు. ఒక పగటికి సరిపడే సామాను పట్టేది అని అర్థం. దాన్ని ఎలా ఎంచుకోవాలన్నదే అసలు ప్రశ్న. బొమ్మ చూసి, రంగు చూసి, అరలు లెక్కపెట్టి కొనేవాళ్లే ఎక్కువ. వీపును అడిగి కొనేవాళ్లు తక్కువ.

కావడి చెప్పే లెక్క

బరువు మోయడంలో మనవాళ్లకు తెలియని శాస్త్రం లేదు. కావడి కట్టేవాడు రెండు పక్కలా తూకం సరిచూసుకోకుండా భుజానికెత్తుకోడు. నీళ్లబిందె నెత్తిన పెట్టుకున్న మనిషి వెన్ను నిటారుగా ఉంటుంది. బరువు వెన్నెముక మీదుగా నేరుగా నేలకు దిగుతుంది. అదే బిందెను చేయి చాచి పట్టుకుని నడవమంటే పది గజాలు పోలేం. బిందె మారలేదు, ఒంటికి దూరమైంది. వీపు సంచి రహస్యమంతా ఇంతే. బరువు వెన్నుకు ఎంత దగ్గరగా ఉంటే అంత తేలిక. వెనక్కి వేలాడితే మనిషి ముందుకు వంగుతాడు. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది.

ఆల్ప్స్ మంచు కొండల్లో 1991లో బయటపడ్డ 5,300 ఏళ్ల నాటి మనిషి దగ్గర కొయ్యతో చేసిన ఒక చట్రం దొరికింది. అది వీపుసంచి చట్రమేనని పరిశోధకుల అభిప్రాయం. అంటే ఈ ఆలోచన అంత పాతది. బరువును భుజాల నుంచి నడుముకు దించే పట్టీని, అల్యూమినియం చట్రాన్ని కలిపి అమెరికాలో డిక్ కెల్టీ, నేనా కెల్టీ దంపతులు 1952లో సంచుల తయారీ మొదలుపెట్టారు. 1967లో సియాటిల్‌లో పుట్టిన జాన్‌స్పోర్ట్ లాంటి కంపెనీలు కొండెక్కేవాళ్ల సంచిని కాలేజీ పిల్లల వీపు మీదికి తెచ్చాయి. అలా తిరిగి తిరిగి అది మన వై.వి. స్ట్రీట్‌కూ, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌కూ వచ్చింది. వస్తూ వస్తూ నడుం పట్టీని దారిలో ఎక్కడో పారేసుకుంది. ఇప్పుడు కొట్లలో కాలేజీ బ్యాగుల పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి అది ఉండదు.

సగం బరువు నీళ్లదే

బ్యాగుల గురించి ఎక్కడెక్కడివాళ్లో చెప్పే సలహాల్లో వాన గురించి, చలికోటు గురించి చాలా ఉంటుంది. కడప, కర్నూలు, నంద్యాల సీమలో మోయాల్సింది చలికోటు కాదు, నీళ్లు. గండికోటలో కోట గుమ్మం దాటి, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసి పెన్న లోయ అంచుకు పోయేసరికే ఒక సీసా ఖాళీ అవుతుంది. రాళ్ల మధ్యగా కిందికి దిగాలనుకుంటే నీడన్నది అరుదు. ఫిబ్రవరిలోనే పగలంతా తిరగాలంటే మనిషికి మూడు లీటర్లు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటాక ఎన్ని లీటర్లు మోసినా సరే, పది గంటల నుంచి నాలుగింటి దాకా కొండల జోలికి పోకపోవడమే తెలివి. నీళ్లు తక్కువై కళ్లు తిరిగితే, చెమట ఆగిపోయి మాట తడబడితే అది వడదెబ్బే. అడవి దారిలో ఆసుపత్రి గంటల దూరంలో ఉంటుంది. ఉగాదికి కర్ణాటక నుంచి మండుటెండలో శ్రీశైలానికి నడిచివచ్చే భక్తులను చూస్తే, వాళ్ల దగ్గర ఇంకేం లేకపోయినా నీళ్ల సీసా మాత్రం చేతికందేచోట ఉంటుంది.

లీటరు నీళ్లు కిలో బరువు. మూడు లీటర్లంటే మూడు కిలోలు. నాలుగు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, రెండు అరటిపళ్లు, టవలు, టార్చిలైటు, ఫోను, చిన్న మందుల పొట్లం అన్నీ కలిపి మహా అయితే రెండు కిలోలు. సంచి సొంత బరువు ముప్పావు కిలో. అంటే మొత్తం మూటలో సగానికి పైగా నీళ్లే. కాబట్టి ఇక్కడ సంచిలో మొదట చూడాల్సింది పక్క జేబులు. కొట్టుకు పోయేటప్పుడు ఇంట్లో వాడే లీటరు స్టీలు సీసా వెంట తీసుకెళ్లాలి. జేబులో అది మెడదాకా దిగాలి. వంగినా జారిపడకూడదు. అన్నింటికంటే ముఖ్యం, సంచి వీపు మీద ఉండగానే చెయ్యి వెనక్కి పోనిచ్చి సీసా తీసి, మళ్లీ పెట్టగలగాలి. సంచి దించి, జిప్పు తీసి, సీసా వెతికి తాగాలంటే బద్ధకించి తాగడం మానేస్తారు. దాహాన్ని వాయిదా వేసేలా చేసే సంచి ఎంత అందంగా ఉన్నా ఈ ఎండలకు పనికిరాదు.

సంచి లోపల నీళ్ల తిత్తి, దానికో పైపు, నోటిదగ్గరకే నీళ్లు... ఇదీ ఇప్పుడు దొరుకుతోంది. నడుస్తూనే తాగొచ్చన్నది నిజమే. కానీ పైపులో నిలిచిన నీళ్లు మన ఎండకు తొలి గుక్కలోనే కాఫీలా తగులుతాయి. లోపల ఎన్ని నీళ్లు మిగిలాయో కంటికి కనిపించదు. కడిగి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. రెండు సీసాలే నయం. ఒకదానికి తడిగుడ్డ చుడితే ఇంకా నయం. గాలి పొడిగా ఉండే మన సీమలో తడి త్వరగా ఆరిపోతూ సీసాలోని వేడిని లాగేస్తుంది. వెనకటి రోజుల్లో లారీల ముందు, జీపుల పక్కన వేలాడదీసిన కాన్వాసు నీళ్లసంచి చల్లగా ఉండేది ఈ కిటుకుతోనే.

లీటర్ల లెక్క

సంచిని కూడా లీటర్లలోనే కొలుస్తారు. పాలా, నీళ్లా, సంచిని లీటర్లలో కొలవడమేమిటని కొట్టులో చాలామందికి అనుమానం వస్తుంది. లోపల ఎంత చోటుందన్నదే ఆ లెక్క. పది లీటర్లదైతే సీసా, టవలు, పులిహోర డబ్బా పెట్టగానే నిండిపోతుంది. తిరుమల కొండ నడిచెక్కే వాళ్లకు అది చాలు. అలిపిరిలో సామాను తీసుకుని తితిదే వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారు కాబట్టి 3,550 మెట్లకూ ఒంటి మీద చిన్న సంచి ఉంటే సరిపోతుంది. ముప్పై, ముప్పై అయిదు లీటర్లది తీసుకుంటే ఇంకో చిక్కు. చోటుందని మనం ఏదో ఒకటి కుక్కుతూనే ఉంటాం. ఖాళీ ఉంటే లోపలి సామాను అడుగడుక్కీ అటూ ఇటూ దొర్లుతుంది. ఆర్టీసీ బస్సులో సీటు మధ్య ఇరుక్కుంటుంది. ఆఫీసుకు, కాలేజీకి, కొండకు మూడింటికీ ఒకటే కావాలనుకునేవాళ్లకు 20 నుంచి 25 లీటర్లది సరైనది. పక్కన బిగించే పట్టీలుంటే సామాను తక్కువైన రోజు లాగి సన్నం చేసుకోవచ్చు.

మనిషి ఎత్తును బట్టి సంచి కొనడం ఇంకో పొరపాటు. చూడాల్సింది వీపు పొడవు. తల వంచితే మెడ కింద ఒక ఎముక బొడిపెలా తగులుతుంది. నడుం మీద రెండు చేతులూ పెట్టుకుంటే తుంటి ఎముక పైఅంచు దొరుకుతుంది. ఈ రెంటి మధ్య దూరమే వీపు పొడవు. ఆరడుగుల మనిషికి కాళ్లు పొడవై వీపు పొట్టిగా ఉండొచ్చు, అయిదడుగుల మనిషికి వీపే పొడవుగా ఉండొచ్చు. టేపు పట్టుకుని ఇంట్లో ఒకరికొకరు కొలుచుకుంటే రెండు నిమిషాల పని. సంచి అడుగు నడుముకు నాలుగంగుళాల కంటే కిందికి దిగిందంటే అది ఆ మనిషిది కాదు. కాలేజీ పిల్లలు పట్టీలు వదులు చేసి పిరుదుల మీదికి వేలాడదీసుకోవడం ఫ్యాషన్ అంటారు గానీ, ఆ ఫ్యాషన్ బరువంతా మెడ మీదే.

భుజం పట్టీలు అరచేతి వెడల్పున కాకపోయినా నాలుగు వేళ్ల వెడల్పుకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. లోపలి ఫోమును బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. అణిగిపోయి అలాగే ఉండిపోతే నాలుగు నెలల్లో అది అట్టముక్క. మరీ మెత్తగా దూదిలా ఉండేదీ మంచిది కాదు. కొట్టులో హాయిగా ఉంటుంది, గంట నడిచాక పట్టీ అంచు కోసుకుంటుంది. ఛాతీ దగ్గర రెండు పట్టీలనూ కలిపే చిన్న పట్టీని చాలామంది అలంకారమనుకుంటారు. ఉగ్రస్తంభం ఎక్కేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. చేతులతో రాళ్లు పట్టుకుని పైకి లేస్తున్నప్పుడు సంచి ఒక పక్కకు ఊగితే మనిషి కూడా ఆ పక్కకే ఊగుతాడు. ఆ చిన్న పట్టీ ఊగనివ్వదు. నడుం పట్టీ విషయంలో మాత్రం అంత పట్టుదల అక్కర్లేదు. అయిదారు కిలోల లోపు బరువుకు సన్నపాటిదైనా చాలు. ఏడెనిమిది కిలోలు దాటే పనైతే ఫోము ఉన్న వెడల్పాటి పట్టీ కావాలి. బరువును తుంటి ఎముకల మీదికి దించేది అదే.

ఆడవాళ్ల సంగతి బ్యాగులు చేసేవాళ్లు ఆలస్యంగా పట్టించుకున్నారు. కొట్లవాళ్లు ఇప్పటికీ పట్టించుకోలేదు. భుజాలు సన్నంగా ఉన్నవాళ్లకు తిన్నని పట్టీలు జారిపోతాయి, వంపు తిరిగిన పట్టీలు నిలుస్తాయి. ఛాతీ పట్టీ పైకీ కిందికీ జరిగేలా ఉండాలి, ఒకేచోట కుట్టేసి ఉంటే ఇబ్బంది. పొడుగు జడ ఉన్నవాళ్లు సంచి పైన వేలాడదీసే కొక్కేనికి వెంట్రుకలు చిక్కుతున్నాయేమో వేసుకుని చూడాలి. చీర మీద వేసుకునేవాళ్లు పైటను పిన్ను పెట్టి సర్దాక పట్టీ ఎక్కించుకుంటే మడతలు భుజంలో గుచ్చుకోవు. చిన్న విషయాలే. నాలుగు కిలోమీటర్లు నడిచాక చిన్నవి కావు.

చెమట... దాని గురించి చెప్పకుండా రాయలసీమలో బ్యాగు గురించి మాట్లాడటం కుదరదు. వీపుకు ఆనే వైపు నున్నటి రెక్సిన్ లాంటి గుడ్డ ఉంటే చొక్కా అతుక్కుపోతుంది. వల గుడ్డ ఉండి, మధ్యలో గాలి పోయే కాలువ ఉన్నవి మేలు. బిగువైన వలను విల్లులా చట్రానికి కట్టి, సంచిని వీపుకు రెండంగుళాల ఎడంగా నిలబెట్టేవి కూడా ఉన్నాయి. చల్లగా ఉంటాయి గానీ బరువు ఆ రెండంగుళాలూ వెనక్కి జరుగుతుంది, లోపలి చోటు తగ్గుతుంది. ఆఫీసు ఫైళ్లు, ల్యాప్‌టాప్ పెట్టుకునేవాళ్లకు ఆ వంపు అస్సలు సరిపడదు. ఆదివారాలు మాత్రమే వాడేవాళ్లు తీసుకోవచ్చు.

గుడ్డ, జిప్పు, కుట్టు

లేబుల్ మీద 210, 420, 600 అని అంకెలుంటాయి. పక్కన డి అన్న అక్షరం. డెనియర్ అన్నమాట. తొమ్మిది వేల మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంక. అంకె పెరిగేకొద్దీ నూలు లావు. అయితే లావొక్కటే చాలదు. నైలాన్ రాపిడికి గట్టిది. రాళ్లకు ఒరుసుకున్నా త్వరగా చిరగదు. పాలిస్టర్ ఎండకు గట్టిది. నైలాన్ ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పస తగ్గుతుంది. బండి మీద తగిలించుకుని రోజూ ఎండలో తిరిగే మనిషికి 600 అంకె పాలిస్టర్ సంచి చవగ్గా, నమ్మకంగా పనిచేస్తుంది. గండికోట రాళ్ల మీద ఈడ్చేవాళ్లకు అడుగుభాగమైనా నైలాన్‌ది, రెండు పొరలది ఉంటే మంచిది. సంచి మొదట చిరిగేది అడుగునే. లోపలి గుడ్డ లేత రంగులో ఉండాలని ఎవరూ అడగరు, అడగాలి. నల్ల అస్తరు లోపల నల్ల ఛార్జరు పడితే బేలం గుహలో వెతికినట్టే.

బ్యాగు ఆయుష్షు జిప్పు చేతిలో ఉంటుంది. జపాన్ వాళ్ల వై.కె.కె. జిప్పు మీద ఆ మూడక్షరాలూ ఉంటాయి. అవి ఉంటే తయారుచేసినవాడు జిప్పు దగ్గర కక్కుర్తి పడలేదని అర్థం. లేకపోయినా భయం లేదు, పళ్లు లావుగా ఉండి, రన్నరు మలుపుల దగ్గర ఆగకుండా ఒంటిచేత్తో తిరిగితే చాలు. తెరిచిన జిప్పు పక్కన గుడ్డ అంచు నూలు పోగులు లేచి ఉంటే మాత్రం వదిలేయాలి. ఆ పోగులే రన్నరులో చిక్కి పళ్లను విరిచేస్తాయి. ఇక భుజం పట్టీ సంచిలో కలిసేచోట కుట్టు. ఒక్క వరుస తిన్నటి కుట్టు ఉంటే అది దసరా దాకానే. చదరంగా కుట్టి మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు వేసినదో, దగ్గర దగ్గరగా ఒత్తుగా కుట్టినదో ఉండాలి. పైన పట్టుకుని ఎత్తే పిడి దగ్గరా అంతే. నిండు సంచిని మనం ఎత్తేది ఎప్పుడూ దాంతోనే.

కొట్లో బ్యాగులన్నీ ఒకలాగే నిండుగా, ముచ్చటగా కనిపిస్తాయి. కాగితాలు కుక్కి పెడతారు మరి.

'ఏమన్నా, ఇది ఎన్నాళ్లొస్తాది?'

'ఇసిరి కొట్టకుంటే మూడేండ్లు యాడికీ పోదు, తీసుకోన్నా.'

ఈ సంభాషణ వల్ల ఎవరికీ ఏమీ తెలియదు. దీనికి బదులు కాగితాలు తీసేసి, వెంట తెచ్చిన రెండు నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బా, నాలుగు పుస్తకాలు అందులో పెట్టి, భుజాలకు తగిలించుకుని కొట్టు మెట్లు అయిదారుసార్లు ఎక్కి దిగితే బ్యాగే జవాబు చెబుతుంది. కొట్టతను మొదట వింతగా చూస్తాడు. కొనేవాడు కాబట్టి ఊరుకుంటాడు. పది నిమిషాల తర్వాత ఎక్కడైనా గుచ్చుకుంటుంటే అది పది గంటలకు పుండే. ఇంటర్నెట్‌లో తెప్పించుకునేవాళ్లు ఈ పరీక్ష ఇంట్లో చేయాలి, లేబుల్ తెంపకముందే.

ఎక్కడ ఏది

లోపలి అరల విషయంలో ఎక్కువైతే గొప్ప అనుకుంటారు. పద్దెనిమిది జేబులున్నాయని చెప్పి అమ్ముతారు. పద్దెనిమిది జేబులున్న సంచిలో తాళంచెవి వెతకాలంటే పద్దెనిమిది చోట్ల వెతకాలి. సంచి సర్దడం ఎలాగో చూపించేది ఇరుముడి. రెండే రెండు అరలు. ముందరిది స్వామిది, వెనకటిది మోసేవాడిది. ముందు భాగంలో నేతి కొబ్బరికాయ, పూజ సామాను. వెనక భాగంలో దారి బత్తెం. ఏది ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి తడుముకోదు. డేప్యాక్‌కూ పెద్ద అర ఒకటి, ముందువైపు చిన్న అర ఒకటి, వీపు వైపు ల్యాప్‌టాపో పుస్తకాలో పట్టే పల్చటి అర ఒకటి, పైన ఫోనుకు, డబ్బుకు ఓ జేబు ఉంటే చాలు. మిగతా సర్దుబాటు గుడ్డ సంచులతో చేసుకోవచ్చు. తిండికి ఒకటి, బట్టలకు ఒకటి, మందులకు ఒకటి, మూడు రంగుల్లో. సోమవారం ఆ మూడూ తీసి పక్కన పెడితే అదే సంచి ఆఫీసుకు సిద్ధం.

బరువైనవి వీపుకు ఆనుకుని, నడిమి ఎత్తులో. తేలికవి అడుగున, బయటివైపున. పెరుగన్నం డబ్బా ఎంత గట్టి మూత ఉన్నా పుస్తకాల అరలో పెట్టకూడదు. ఈ సంగతి ప్రతి ఇంట్లో ఒకసారి తెలిసొచ్చాకే నమ్ముతారు. వేయించిన బుడ్డలు, బెల్లం, బొరుగులు ముందు జేబులో ఉంటే నడుస్తూనే తినొచ్చు. ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్ఎస్ పొట్లాలు రెండు ఎప్పుడూ సంచిలో ఉండాలి. పవర్‌బ్యాంకును ఎండ తగిలే పైజేబులో పెట్టొద్దు. ఎండలో ఆపిన కారులో సంచితో సహా వదిలేయడం మరీ ప్రమాదం. తినగా మిగిలిన కవర్లు వేసుకోవడానికి ఖాళీ సంచి ఒకటి కావాలి. పెద్దపులుల అభయారణ్యంలో కవరు పారేస్తే దాన్ని ఏరేవాళ్లుండరు, తినే జింకలుంటాయి. జ్వాలా నరసింహుడి దగ్గర వానాకాలంలో దారిమీదే ధార పడుతుంది. సంచి అడుగున దాచుకునే వానతొడుగు ఉంటే సరే, లేకపోతే ఫోను, బట్టలు లోపల ప్లాస్టిక్ కవరులో చుడితే ఖర్చు లేని వానతొడుగు.

పిల్లల బ్యాగు దగ్గర పెద్దలు చూడాల్సింది ఇంకొకటుంది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం ఒకటి నుంచి పది తరగతుల వరకు బ్యాగు బరువు పిల్లల ఒంటి బరువులో పదో వంతు దాటకూడదు. ముప్పై కిలోల పిల్లాడికి మూడు కిలోలు. ఖాళీ బ్యాగే కిలో ఉంటే, లీటరు నీళ్లు ఇంకో కిలో. ఇక పుస్తకాలకు మిగిలింది కిలో మాత్రమే. అందుకే పిల్లలకు 'పెరిగే వయసు కదా, పెద్దది కొందాం' అన్న సూత్రం చొక్కాల వరకే పనికొస్తుంది. ఎదుగుతాడని రెండు సైజులు పెద్ద బ్యాగు కొంటే అది ఇప్పటి వీపును వంచుతుంది. ఇంట్లో బరువు చూసే యంత్రం ఉంటే పిల్లాణ్ని బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి నిలబెట్టి చూడొచ్చు. చాలా ఇళ్లలో ఆ అంకె చూశాక టైంటేబుల్ గోడకు అతికిస్తారు. ఒంటిభుజాన వేసుకునే అలవాటును మాత్రం ఏ యంత్రమూ మాన్పించలేదు, రోజూ గుమ్మం దగ్గర చెప్పాల్సిందే.

ధర మాట. మరీ చవకది ఏడాదికొకటి చొప్పున మూడు కొంటే, మధ్యరకం మంచిది ఒకటి కొన్నంత అవుతుంది. అలాగని కొండలెక్కే నిపుణుల కోసం చేసిన అత్యంత ఖరీదైనది ఆత్మకూరు అడవికీ కడప కలెక్టరాఫీసుకూ అక్కర్లేదు. వారంటీ ఉంటే బిల్లు ఫొటో తీసి ఫోనులో పెట్టుకోవాలి. కాగితం బిల్లు మీది అక్షరాలు మన ఎండలకు ఏడాది తిరక్కుండానే మాయమవుతాయి. జిప్పు చెడినంత మాత్రాన సంచిని పారేయక్కర్లేదు. పళ్లు బాగుంటే పోయింది రన్నరే. మార్కెట్లో ఏదో ఒక మూల గొడుగులు, బ్యాగులు బాగుచేసే మనిషి ఉంటాడు. పది నిమిషాల్లో కొత్తది ఎక్కిస్తాడు. పట్టీ కుట్లయితే చెప్పులు కుట్టే అతను వేసే మందపు దారం కంపెనీ దారం కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

నడక నుంచి వచ్చిన రాత్రి సంచిని అలాగే మూల పడేస్తే తెల్లారేసరికి చీమలు బెల్లం ముక్కను కనిపెడతాయి. చెమట ఉప్పు తెల్లటి చారలుగా పట్టీల మీద గడ్డకడుతుంది. అన్నీ ఖాళీ చేసి, తిరగేసి దులిపి, పట్టీలను సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి నీడలో వేలాడదీయాలి. వాషింగ్ మెషీన్లో వేస్తే లోపలి పూత పొట్టులా రాలిపోతుంది. అడవిలో రాత్రి పడుకోవాల్సి వస్తే సంచి జిప్పులన్నీ మూసి, నేలమీద కాకుండా కొమ్మకు తగిలించడం మంచిది. పెద్దచెరువు దగ్గర రాత్రి దిగిన పాత యాత్రికులు పొద్దున సంచి భుజానికెత్తుకునే ముందు రెండుసార్లు గట్టిగా విదిలిస్తారు. దుమ్ము కోసం కాదు, తేళ్ల కోసం.